వ్యాపారికి అతని పేరునే అమ్మజూపితే: డొమైన్ బేరాల వెనుక చట్టం నడిచిన దారి

తిరుపతి లాడ్జీలు, ట్రావెల్స్ సంస్థలు, శ్రీకాళహస్తి కలంకారీ దుకాణాలు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు కర్మాగారాలు పేరు మీదే గిరాకీ సంపాదించుకున్నవి. అలా నడుస్తున్న వ్యాపారం పేరుతో ఇంకా ఎవరూ తీసుకోని డొమైన్‌ను (వెబ్‌సైటు చిరునామాను) స్వల్ప ఖర్చుతో నమోదు చేసుకుని, తర్వాత ఆ యజమానికే ఎన్నో రెట్లు ధర చెప్పడం సాధారణమైన కొనుగోలు, అమ్మకమేనని నమ్మేవారు ఉన్నారు. ముందు అడిగినవారికే పేరు దక్కుతుందన్న నియమం ఈ నమ్మకానికి ఆధారం. ఆ నియమం నమోదుకు మాత్రమే పరిమితమని, పేరు మీది హక్కును అది తేల్చదని న్యాయస్థానాలు చెప్పి పాతికేళ్లు దాటింది.

1995 సెప్టెంబరు వరకు డాట్ కామ్ పేరుకు రుసుమే లేదు. ఆ నెల నుంచి ఆ పేర్లను నమోదు చేసే నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయసాగింది గాని, అడిగిన వ్యక్తికి ఆ పేరు మీద హక్కు ఉందో లేదో విచారించే బాధ్యత తీసుకోలేదు. ఆ రోజుల్లోనే ఇలినాయ్ రాష్ట్రంలోని ఒక వ్యక్తి ప్రసిద్ధ కంపెనీల పేర్లు అనేకం నమోదు చేసుకున్నాడు. వాటిలో సినిమా కెమెరాల సంస్థ పానావిజన్ పేరు ఒకటి. ఆ సంస్థ అభ్యంతరం చెప్పగా 13,000 డాలర్లు ఇస్తే వదులుకుంటానన్నాడు. సైటులో మాత్రం పానా అనే ఊరి ఫోటోలు పెట్టాడు. ఊరి పేరు చాటున వ్యాపార నామాన్ని దాచే ఈ ఉపాయం తిరుపతిలోనూ ఎవరికైనా తట్టవచ్చు. అమెరికా అప్పీలు కోర్టు 1998లో దాన్ని అంగీకరించలేదు; పేర్లను వాటి యజమానులకే అమ్మాలని చూడడమే అతని వ్యాపారమని, అది ట్రేడ్‌మార్క్‌ను వాణిజ్యపరంగా వాడుకోవడమేనని తీర్పు చెప్పింది. అదే ఏడాది బ్రిటన్‌లో బ్రిటిష్ టెలికాం తదితర సంస్థలు వేసిన దావాలోనూ అమ్మజూపినవారే ఓడిపోయారు.

1999లో రెండు ఏర్పాట్లు వచ్చాయి. అమెరికా ప్రత్యేక చట్టం ఒక్కొక్క పేరుకు 1,000 నుంచి 1,00,000 డాలర్ల వరకు పరిహారం విధించే వీలు కల్పించింది. డొమైన్ వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానాన్ని ఆమోదించింది. పేరు తన ట్రేడ్‌మార్క్‌ను తికమక కలిగించేంతగా పోలి ఉందని, నమోదు చేసినవారికి దానిపై న్యాయమైన హక్కు లేదని, నమోదూ వాడకమూ దురుద్దేశంతోనే జరిగాయని ఫిర్యాదుదారు నిరూపించాలి. ఆ పేరుకు నేరుగా అయిన ఖర్చులను మించిన మొత్తానికి ట్రేడ్‌మార్క్ యజమానికో అతని పోటీదారుకో అమ్మాలన్నదే నమోదుకు ప్రధాన ఉద్దేశమైతే, దాన్ని దురుద్దేశానికి రుజువుగా ఆ విధానమే పేర్కొంది. కాబట్టి అమ్మకందారు తన చేతితో పంపిన ధర ఉత్తరమే ఎదుటివారి దస్త్రంలో మొదటి కాగితం కాగలదు. సైటు ఖాళీగానే ఉంచాను కదా అన్న వాదన కూడా ప్రతిసారీ నిలవదని 2000లో ఆస్ట్రేలియా టెలికాం సంస్థ టెల్‌స్ట్రా ఫిర్యాదులో తేలింది.

మన దేశంలో డొమైన్ వివాదాలకు ప్రత్యేక చట్టం లేదు. 1999 ఫిబ్రవరిలో యాహూ ఇండియా పేరు వివాదం ఢిల్లీ హైకోర్టుకు వచ్చేనాటికి, అమలులో ఉన్న 1958 ట్రేడ్‌మార్క్ చట్టం కింద సరుకుల పేర్లు తప్ప సేవల పేర్లు నమోదయ్యే అవకాశమే లేదు. అయినా ఒకరి పేరును తనదిగా చలామణి చేయరాదన్న పాత సూత్రం మీద కోర్టు నిషేధపుటుత్తర్వు ఇచ్చింది. లాడ్జి, ట్రావెల్స్ వంటి సేవల పేర్లకు నమోదు వీలు 2003 సెప్టెంబరు 15న కొత్త ట్రేడ్‌మార్క్‌ల చట్టం అమలులోకి వచ్చాకే కలిగింది. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో, ఆ సంస్థ వాడే సిఫీ పేరును పోలిన డొమైన్లపై తీర్పు చెబుతూ, డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ లక్షణాలన్నీ ఉండవచ్చని సుప్రీంకోర్టు ప్రకటించింది. ట్రేడ్‌మార్క్ నమోదు చేయించుకోని తిరుపతి లాడ్జి యజమాని కూడా తన పేరుకున్న ప్రతిష్ఠను నిరూపించగలిగితే కోర్టుకు వెళ్లగలడన్నది ఈ తీర్పుల వల్ల కలిగిన ఫలితం. నమోదైన ట్రేడ్‌మార్క్ ఉంటే అతని చేయి మరింత పైన ఉంటుంది. తాను వ్యాపారం చేసే చోటి జిల్లా స్థాయి కోర్టులోనే దావా వేయవచ్చు గనుక, డొమైన్ కొన్నవారు ఏ హైదరాబాదులోనో ఉన్నా ఇక్కడికి రావలసి ఉంటుంది. డాట్ ఇన్ పేర్లకైతే వాటిని పర్యవేక్షించే నిక్సీ సంస్థ నడిపే మధ్యవర్తిత్వ విధానం వేరుగా ఉంది. అందులో నమోదు గాని వాడకం గాని, ఏదో ఒకటి దురుద్దేశంతో జరిగినట్టు చూపితే చాలు గనుక అమ్మకందారుకు అది మరింత ఇరుకైన దారి.

ఇక్కడి పేర్లలో మరొక చిక్కు ఉంది. తిరుపతి, బాలాజీ, శ్రీనివాస అన్నవి ఏ ఒక్కరి సొత్తూ కావు. ఊరి పేరుకు విశిష్టత రుజువు కానిదే ట్రేడ్‌మార్క్ నమోదు దొరకదు. రామాయణం వంటి పవిత్ర గ్రంథం పేరుపై ఒక్కరే గుత్తహక్కు కోరలేరని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అందువల్ల అటువంటి సాధారణ పదాల డొమైన్‌ను కొని అమ్మడంలో ముప్పు తక్కువ. ఊరి పేరుకు ఒక ఫలానా లాడ్జికే చెల్లే మాట జోడించి, ఆ లాడ్జి గుమ్మంలోకే వెళ్లి ధర చెప్పినప్పుడు పరిస్థితి మారుతుంది. దేవస్థానం పేరును పోలిన నకిలీ సైట్ల మీద 2023లో పెట్టిన పోలీసు కేసులను దీనితో కలపకూడదు. అవి భక్తులను మోసగించడానికి సంబంధించిన నేరాలు. కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. కేవలం డొమైన్ అమ్మజూపిన వివాదం సాధారణంగా సివిల్ స్వభావం కలది.

చట్టం ఒక పక్షానికే మొగ్గిందనడం కూడా సరికాదు. వ్యాపారం పుట్టకముందే నమోదైన పేరును తర్వాత వచ్చినవారు లాక్కోవాలని యూడీఆర్‌పీని దుర్వినియోగం చేస్తే, ఆ సంగతిని నిర్ణయంలో రాయవలసిందిగా నియమాలు చెబుతున్నాయి. అయితే ఆ రక్షణ పొందాలంటే ఫిర్యాదు మీద విచారణ మొదలైన తేదీ నుంచి 20 రోజుల గడువులో జవాబు దాఖలు చేసి, నమోదు తేదీని, తన స్వంత అవసరాన్ని కాగితాలతో చూపాలి. నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకున్నవారి విషయంలో ఫిర్యాదుదారు చూపిన ఆధారాల మీదనే నిర్ణయం వెలువడుతుంది.