హారం సున్నా కాకూడదన్న నిబంధన: ఒక పాత లెక్క వెనుక చరిత్ర

విజయవాడలో ఇంటర్మీడియట్ ఎంపీసీ చదివిన తరాలకు బాగా గుర్తుండే లెక్క ఒకటి ఉంది. ఎక్స్ ఘనం ప్లస్ వై ఘనం ఈజ్ ఈక్వల్ టు మూడు ఏ ఎక్స్ వై అని ఇచ్చి, డీవై బై డీఎక్స్ కనుక్కోమంటారు. వైని విడిగా రాబట్టే ప్రయత్నమేమీ చేయకుండా, సమీకరణాన్ని ఉన్నదున్నట్టుగానే రెండు వైపులా అవకలనం చేసి, డీవై బై డీఎక్స్ ఉన్న పదాలను ఒక పక్కకు చేర్చితే నాలుగు వరుసల్లో జవాబు వస్తుంది. అదే విద్యార్థి కృష్ణ దాటి గుంటూరు వైపు ఏదో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చేరాక, ఎక్స్ ఘనం ప్లస్ వై ఘనం మైనస్ మూడు ఏ ఎక్స్ వై అనే ప్రమేయానికి గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనుక్కోమన్న ప్రశ్న ఎదురవుతుంది. అక్కడ ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ (ఎక్స్‌తో రెండుసార్లు అవకలనం చేస్తే ఆర్, ఎక్స్‌తోనూ వైతోనూ ఒక్కోసారి చేస్తే ఎస్, వైతో రెండుసార్లు చేస్తే టీ) వేసి, ఒక బిందువు దగ్గర కనిష్ఠమనీ, మూలబిందువు దగ్గర సాడిల్ పాయింట్ (గరిష్ఠమూ, కనిష్ఠమూ కాని బిందువు) అనీ రాసి బయటపడతాడు. ఈ రెండూ ఒకే ప్రమేయానికి చెందిన లెక్కలని గమనించేవారు తక్కువ. మొదటి లెక్క జవాబులో మూలబిందువును ప్రతిక్షేపిస్తే సున్నా బై సున్నా వస్తుందన్నది గమనించేవారు మరీ తక్కువ. సూత్రం కింద చిన్న అక్షరాలతో ‘హారం సున్నా కానప్పుడు’ అన్న మాట ఉంటుంది గానీ, దానికి మార్కులు లేవు. గణితజ్ఞులు మాత్రం ఆ మాట దగ్గరకు చేరడానికి రెండు శతాబ్దాలకు పైగా తీసుకున్నారు.

ఈ సమీకరణం మొదట పాఠ్యపుస్తకం కోసం పుట్టలేదు, ఒక తగవులో పుట్టింది. 1638లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు దెకార్త్, స్పర్శరేఖలు గీయడానికి తోటి ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా చెబుతున్న పద్ధతి నిలవదని నిరూపించాలన్న పట్టుదలతో, ఇద్దరికీ ఉత్తరాల వారధిగా ఉన్న మెర్సెన్ ద్వారా ఈ వక్రాన్ని సవాలుగా పంపాడు. అంతవరకు తెలిసిన వక్రాల్లో చాలావాటికి ఒక రాశిని మరొక రాశిలో సూటిగా చెప్పే వీలుంది. ఇందులో రెండు రాశులూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ఈ లెక్క తన పద్ధతికే కష్టమైనదని దెకార్త్‌కు తెలియకపోలేదు, ఫెర్మాకు మాత్రం అది అడ్డుపడలేదు. ఇక్కడొక ముచ్చట చెప్పుకోవాలి. ఈ వక్రానికి మొదటి పాదంలో ఒక ఆకు ఉంటుంది, అందుకే దానికి లాటిన్‌లో ఆకు అన్న పేరే నిలిచింది. అయితే ఆ రోజుల్లో రుణ సంఖ్యలను పటం మీద గుర్తించే అలవాటు స్థిరపడలేదు. ఆకు నాలుగు పాదాల్లోనూ ఉంటుందని పొరబడిన రొబెర్వాల్ దీనిని మల్లెపువ్వు అన్నాడు. పువ్వు కాదు, ఒకే ఆకు, దానికి రెండు పక్కల దూరంగా సాగిపోయే తోకలు అని సరైన బొమ్మ గీసినవాడు 1692లో హైగెన్స్.

ఇంటర్ విద్యార్థి ఈనాడు వాడే పద్ధతికి దగ్గరి పూర్వరూపం లియేజ్ నగరంలో చర్చి పదవిలో ఉన్న స్లూజ్ ఇచ్చిన నియమం. అది 1673లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అంతకు కొద్ది వారాల ముందు, 1672 డిసెంబరులో, న్యూటన్ కూడా లండన్‌లోని గణితజ్ఞుడు కాలిన్స్‌కు రాసిన ఉత్తరంలో ఇదే నియమాన్ని పేర్కొన్నాడు. ఎక్స్ ఉన్న ప్రతి పదాన్నీ దాని ఘాతంతో గుణించడం, వై ఉన్న పదాలను అలాగే చేయడం, ఒక మొత్తాన్ని రెండోదానితో భాగించడం: సారాంశం ఇదే. ఇవాళ్టి మాటల్లో దీనినే ‘మైనస్ ఎఫ్ ఎక్స్ బై ఎఫ్ వై’ అంటాం (ఎఫ్ ఎక్స్ అంటే ఎక్స్‌తో మాత్రమే, ఎఫ్ వై అంటే వైతో మాత్రమే చేసిన అవకలనం). 1684లో లైబ్నిట్జ్ అవకలన నియమాలను ప్రకటించాక ఇది ప్రత్యేక నియమంగా గుర్తుంచుకోవలసిన అవసరమే లేకుండా పోయింది. హారం సున్నా అయితే ఏమవుతుందన్నది వీరికి పెద్ద ప్రశ్న కాలేదు. ఎందుకంటే వారి దృష్టిలో వక్రం కళ్లముందే ఉంది, దాని ఉనికిని నిరూపించవలసిన పని లేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్, క్లైరో, దలంబేర్ చేతుల్లో వక్రం వెనక్కి తగ్గి, ప్రమేయం ముందుకు వచ్చింది. పలు చలరాశులున్న ప్రమేయాన్ని ఒక్కో చలరాశితో విడిగా అవకలనం చేయడం అప్పుడే మామూలైంది; అలా వచ్చేదే పాక్షిక అవకలజం. మన తరగతుల్లో ‘డో’ అని పలికే వంకర గుర్తును ఈ అర్థంలో లెజాండ్ర్ 1786లో వాడి, తరువాత తానే వదిలేశాడు. 1841లో యాకోబీ మళ్లీ చేపట్టేదాకా అది స్థిరపడలేదు.

చిక్కుపడిన సమీకరణాల్లో అసలు బరువైనది జ్యామితి నుంచి కాదు, ఆకాశం నుంచి వచ్చింది. గ్రహం కక్ష్యలో ఎక్కడుందో చెప్పాలంటే కెప్లర్ సమీకరణాన్ని సాధించాలి. అందులో కావలసిన కోణమూ, ఆ కోణపు సైన్ విలువా ఒకేచోట ఉంటాయి, కోణాన్ని బయటకు లాగడానికి బీజగణితంలో దారి లేదు. ఇటువంటి చిక్కు మన ఖగోళ సిద్ధాంత గ్రంథాలకు అంతకుముందే తెలుసు. ఏడో శతాబ్దపు మొదటి భాస్కరుడి గణనలో మందకర్ణం (గ్రహానికి లెక్కలో వచ్చే దూరం) తెలియాలంటే మందవృత్తపు (గ్రహ గమనంలోని తేడాను సరిచేసే చిన్న వృత్తపు) పరిమాణం తెలియాలి, ఆ పరిమాణమేమో కర్ణాన్నిబట్టి మారుతుంది. అందుకని ఒక విలువ ఊహించి, లెక్కకట్టి, వచ్చిన విలువను మళ్లీ అందులోనే పెట్టి, మార్పు ఆగిపోయేదాకా చేస్తారు. దీనికి ‘అసకృత్ కర్మ’ అని పేరు, అంటే ఒక్కసారితో సరిపెట్టని పని. ఆ తిరుగుడు అక్కరలేకుండా కర్ణాన్ని నేరుగా ఇచ్చే మాధవుడి సూత్రాన్ని నీలకంఠ సోమయాజి 1500 ప్రాంతంలో తంత్రసంగ్రహంలో నమోదు చేశాడు.

కెప్లర్ సమీకరణానికి లగ్రాంజ్ 1770లో మరో దారి చూపాడు. కోణాన్ని ఉత్కేంద్రత (కక్ష్య వృత్తం నుంచి ఎంత సాగి ఉందో చెప్పే సంఖ్య) ఘాతాల అనంత శ్రేణిగా రాశాడు. భూమి కక్ష్యకు ఉత్కేంద్రత దాదాపు 0.0167 కాబట్టి కొన్ని పదాలతోనే పని జరుగుతుంది. అయితే ఉత్కేంద్రత దాదాపు 0.6627 దాటితే ఈ శ్రేణి కొన్ని స్థానాల దగ్గర పనికిరాకుండా పోతుందని లాప్లాస్ తరువాత గుర్తించాడు. దీర్ఘవృత్త కక్ష్యకు ఉత్కేంద్రత ఒకటికి లోపు ఎంతైనా ఉండవచ్చు, అప్పుడు కూడా కోణం కచ్చితంగా ఉంటుంది, ఒక్కటే ఉంటుంది. అంటే, ప్రమేయం ఉండటం వేరు, దానిని ఫలానా శ్రేణిగా రాయగలగడం వేరు. ఈ తేడా బయటపడ్డాక ‘ఉందని ఎలా తెలుసు’ అన్న ప్రశ్న తప్పలేదు.

1830 విప్లవం తరువాత ఫ్రాన్సు విడిచిన కోషీ, లగ్రాంజ్ పుట్టిన ట్యూరిన్ నగరంలోనే 1831లో ఆ ప్రశ్నకు జవాబు పట్టాడు. ఖగోళ గణనల్లో వచ్చే శ్రేణులు ఎంతవరకు అభిసరిస్తాయో (ఒక నిశ్చిత విలువకు చేరతాయో) తేల్చే క్రమంలోనే ఆయన సమీకరణంలో దాగి ఉన్న ప్రమేయానికి ఉనికిని నిరూపించాడు. శ్రేణులతో పని లేకుండా, వాస్తవ చలరాశులతోనే నిరూపణ ఇచ్చినవాడు పీసాలో పాఠాలు చెప్పిన ఊలిస్సే డీనీ, 1877–78లో. ఒక బిందువు సమీకరణాన్ని తృప్తిపరచాలి. ఆ చుట్టుపక్కల పాక్షిక అవకలజాలు అవిచ్ఛిన్నంగా ఉండాలి. వైతో చేసిన పాక్షిక అవకలజం ఆ బిందువు దగ్గర సున్నా కాకూడదు. అప్పుడు ఆ బిందువు దగ్గర, అక్కడ మాత్రమే, వై అనేది ఎక్స్‌కు ప్రమేయమవుతుంది. స్లూజ్ హారంలో కూర్చున్న రాశి ఈసారి ఉనికికి హామీగా నిలబడింది. కెప్లర్ సమీకరణంలో ఆ రాశి ఒకటి మైనస్ ఉత్కేంద్రత ఇంటూ కొసైన్, ఉత్కేంద్రత ఒకటికి లోపున్నంతవరకు అది సున్నా కాదు. 1903లో గూర్సా ఇచ్చిన నిరూపణ ఊహించిన విలువను పదే పదే సవరించుకుంటూ పోయే పద్ధతి మీద నడుస్తుంది. అసకృత్ కర్మ తెలిసినవారికి అది కొత్తగా తోచదు.

ఇక గరిష్ఠ, కనిష్ఠాల వైపు చూద్దాం. పలు చలరాశుల ప్రమేయానికి రెండో అవకలజాలతో పరీక్ష పెట్టినవాడు కూడా లగ్రాంజే. 1759లో, ఇరవైమూడేళ్ల వయసులో, ట్యూరిన్ నుంచే దాన్ని ప్రచురించాడు. మనవాళ్లు ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ అని వల్లించేది దాని సంతతే. షరతుకు లోబడిన గరిష్ఠాల కోసం గుణకాల పద్ధతిని ఆయన 1788లో యాంత్రిక శాస్త్ర గ్రంథంలో సమతుల్యతను వివరించడానికి వాడి, 1797లో దానికి సాధారణ రూపం ఇచ్చాడు. దానిలోని భావాన్ని గ్రహించడానికి గుంటూరు దగ్గరి కొండవీడు కొండల పటం చాలు. పటంలో సమాన ఎత్తున్న చోట్లను కలుపుతూ గీతలు ఉంటాయి. కొండ భుజం మీదుగా ఎక్కి అవతలికి దిగే దారి ఒకటి ఉందనుకుందాం. దారి ఒక గీతను దాటుతున్నంతసేపు ఎత్తు మారుతూనే ఉంటుంది. దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోట మాత్రం అది గీతను దాటదు, తాకి వెనక్కి మళ్లుతుంది. తాకడమంటే రెంటికీ లంబదిశ ఒకటే కావడం. ఒక లంబాన్ని రెండో లంబంతో పోల్చే సంఖ్యే లామ్డా.

ఈ లామ్డాను మన పరీక్షల్లో లెక్క తేలగానే వదిలేస్తారు, అది పొరపాటని నా అభిప్రాయం. పైమూత లేని, 32 ఘనపుటడుగులు పట్టే రేకుతొట్టిని అతి తక్కువ రేకుతో చేయాలన్న లెక్క అందరికీ తెలిసిందే. జవాబు నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, రేకు 48 చదరపుటడుగులు. లామ్డా విలువ, గుర్తు సంగతి పక్కన పెడితే, ఒకటి. అంటే తొట్టి ఇంకొక ఘనపుటడుగు ఎక్కువ పట్టాలంటే సుమారు ఇంకొక చదరపుటడుగు రేకు కావాలి. 33 ఘనపుటడుగులకు నేరుగా లెక్కకట్టినా 48.99 వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో రేకుపని చేసేవారికి తొట్టి కొలతల కన్నా ఈ సంఖ్యే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే సైజు పెరిగితే ధర ఎంత పెంచాలో చెప్పేది అదే.

కానీ దారికి, అంటే షరతు గీసే వక్రానికి, లంబదిశ అంటూ ఉంటేనే ఇదంతా చెల్లుతుంది. వై వర్గం, ఎక్స్ ఘనానికి సమానమన్న షరతు మీద ఎక్స్‌కు కనిష్ఠ విలువ ఎంత? ఎక్స్ రుణం కాలేదు కనుక జవాబు సున్నా అని చూడగానే తెలుస్తుంది. గుణకాల పద్ధతి మాత్రం ఆ బిందువును పట్టుకోలేదు, ఏ లామ్డా పెట్టినా సమీకరణాలు కుదరవు. అక్కడ వక్రం మొనదేలి ఉంది, షరతు పాక్షిక అవకలజాలు రెండూ సున్నాలే. స్లూజ్ హారంలోని సున్నా ఇక్కడ మరో వేషంలో వచ్చింది. షరతులు అసమానతలైనప్పుడు కూడా ఇదే ఎదురవుతుంది. 1939లో కరుష్ ఈ విషయం మీదే షికాగోలో సమర్పించిన మాస్టర్స్ సిద్ధాంత వ్యాసం ప్రచురణకు నోచుకోలేదు. 1951లో కూన్, టక్కర్ అవే ఫలితాలను ప్రచురించినప్పుడు షరతులకే ఒక అర్హత ఉండాలని పట్టుబట్టి, అది లేకపోతే ఏమవుతుందో చూపడానికి మొనదేలిన ఉదాహరణనే ఎంచుకున్నారు.

నిబంధనలను లెక్కచేయని అలవాటుకు అందరికన్నా గట్టి దెబ్బ కొట్టినవాడు ఇటలీ గణితజ్ఞుడు పెయానో. ఇదీ ట్యూరిన్‌లోనే. 1884లో, ఇరవైఆరేళ్ల వయసులో, తన గురువు జెనోకీ పాఠాల పుస్తకానికి ఆయన చేర్చిన వివరణలు అప్పటి పేరున్న పాఠ్యగ్రంథాల తప్పులను బయటపెట్టాయి. ముందు ఎక్స్‌తో, తరువాత వైతో అవకలనం చేసినా, వరుస తిరగేసినా ఫలితం ఒకటేనని అందరూ నమ్మేవారు. మూలబిందువు దగ్గర ఒక వరుసలో మైనస్ ఒకటి, మరో వరుసలో ప్లస్ ఒకటి వచ్చే ప్రమేయాన్ని ఆయన ముందుంచాడు. ఒక బిందువు గుండా పోయే ప్రతి సరళరేఖ మీదా కనిష్ఠమైతే మొత్తం మీద కూడా కనిష్ఠమేనన్న వాదనకూ ఆయన ఉదాహరణతోనే జవాబిచ్చాడు. ఆ తరహాలో సులభమైనది ఇది: వై మైనస్ ఎక్స్ వర్గం, వై మైనస్ మూడు ఎక్స్ వర్గం, ఈ రెంటి లబ్ధం. మూలబిందువు నుంచి ఏ సరళరేఖ వెంట నడిచినా మొదట విలువ పెరుగుతుంది. వై ఈజ్ ఈక్వల్ టు రెండు ఎక్స్ వర్గం అనే పరావలయం వెంట నడిస్తే మాత్రం తగ్గుతుంది. ఇక్కడ ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ సున్నా. మన పుస్తకాలు అటువంటి చోట ‘మరింత పరిశీలన అవసరం’ అని రాసి వదిలేస్తాయి.

మొదటి లెక్కకు తిరిగి వస్తే, ఏ విలువను ఒకటిగా తీసుకుందాం. డీవై బై డీఎక్స్‌లో లవం వై మైనస్ ఎక్స్ వర్గం, హారం వై వర్గం మైనస్ ఎక్స్. ఆకు కొసన, రెండు నిరూపకాలూ ఒకటిన్నర అయిన చోట, జవాబు మైనస్ ఒకటి. ఎక్స్ నాలుగుకు ఘనమూలం, వై రెండుకు ఘనమూలం అయిన చోట హారం సున్నా, లవం కాదు. అక్కడ స్పర్శరేఖ నిలువుగా ఉంటుంది, వైని ఎక్స్‌కు ప్రమేయంగా చూడలేకపోయినా ఎక్స్‌ను వైకి ప్రమేయంగా చూడవచ్చు. మూలబిందువు దగ్గర రెండూ సున్నాలే. ఇప్పుడు బీటెక్ లెక్కను దీని పక్కన పెట్టాలి. ఎడమ పక్షం మైనస్ కుడి పక్షాన్ని ఒక భూభాగపు ఎత్తు అనుకుంటే, రెండు నిరూపకాలూ ఒకటైన చోట మైనస్ ఒకటి లోతున్న గుంట ఉంది. మూలబిందువు దగ్గర ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ మైనస్ తొమ్మిది కాబట్టి అక్కడ కనుమ ఉంది: ఒక దిశలో రెండు పక్కలా ఎత్తు, ఇంకొక దిశలో రెండు పక్కలా పల్లం. కనుమ గుండా పోయే సమాన ఎత్తు గీత ఒక్కటిగా సాగదు, రెండు గీతలుగా ఒకదాన్నొకటి ఖండించుకుంటుంది. ఘన పదాలు మిగిలినదాని ముందు చిన్నవైపోయే ఆ దగ్గర్లో సమీకరణం మైనస్ మూడు ఎక్స్ వై ఈజ్ ఈక్వల్ టు సున్నాగా మారుతుంది. కాబట్టి ఆ రెండు గీతల్లో ఒకటి ఎక్స్ అక్షాన్నీ, రెండోది వై అక్షాన్నీ తాకుతూ పోతాయి. సున్నా బై సున్నా అని ఇంటర్‌లో తోసిపుచ్చిన జవాబూ, సాడిల్ పాయింట్ అని బీటెక్‌లో రాసిన జవాబూ చెబుతున్నది ఆ కూడలి గురించే.