తొట్టెలో భయం వాసన

ఒక పాఠకుడి ఉత్తరం వారం రోజులుగా నా బల్ల మీదే ఉంది. "100 లీటర్ల తొట్టె, నిండా మొక్కలు. 8 నియాన్ టెట్రాలు, 6 హార్లెక్విన్ రాస్బోరాలు, 6 కోరిడోరాస్‌లు, అద్దాల మీది నాచు తింటుందని తెచ్చిన ఒక ఆల్జీ ఈటర్. అన్నీ సాధు చేపలేనని చెప్పి ఇచ్చారు. కొట్లాట నేనెప్పుడూ చూడలేదు. నీళ్ల పరీక్షలు బాగానే వస్తున్నాయి. కానీ నెల రోజులుగా అన్నీ మొక్కల వెనకే నక్కి ఉంటున్నాయి. మేత వేసినా ముందుకు రావడం లేదు. వీటిలో ఏది దేనితో పొసగడం లేదు?"

నీళ్ల సంగతి ముందే రెండు ముక్కల్లో ముగిస్తాను. ఒకే వేడి, ఒకే మెత్తదనం కోరుకునే చేపల్నే కలిపి పెంచాలి. డిస్కస్‌కు 28 డిగ్రీలకు పైన కావాలి, వైట్ క్లౌడ్ మిన్నోకు 20 చాలు. ఆ రెండూ ఎంత సాధువులైనా ఒక తొట్టెలో ఇమడవు. ఈ పాఠకుడి చేపలన్నిటికీ 24, 25 డిగ్రీలు సరిపోతాయి కాబట్టి ఆ చిక్కు లేదు.

అసలు చిక్కు మనం వాడే పట్టికల్లో ఉంది. ఒక చేప పేరు ఎదురుగా 'శాంతం' అనీ, మరోదాని ఎదురుగా 'కోపిష్ఠి' అనీ రాసి ఉంటుంది. రెండు చేపలు ఎదురుపడితే ఏమవుతుందో ఆ పట్టిక చెబుతుంది. ఒక చేపకు దెబ్బ తగిలితే దాన్ని చూడని మిగతా పంతొమ్మిదింటికీ ఏమవుతుందో చెప్పదు. నన్ను ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకున్నది ఈ రెండో సంగతే.

తేనెటీగల నాట్యాన్ని చదివిన శాస్త్రవేత్తగా కార్ల్ వాన్ ఫ్రిష్ అందరికీ తెలుసు. 1973లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా దాదాపు ఆ పనికే. ఆయన చేపల మీద చేసిన పని గురించి మాత్రం తక్కువ మందికి తెలుసు. మిన్నో అనే చిన్న చేపల గుంపులోకి గాయపడిన మిన్నోను వదిలితే గుంపంతా బెదిరి, దగ్గరగా ముడుచుకుని, ఆ చోటు విడిచి పారిపోవడం ఆయన గమనించి 1938లో ప్రకటించాడు. గాయపడిన చేప కనిపించడం వల్ల వచ్చిన బెదురు కాదది. చేప చర్మాన్ని నూరి, వడగట్టి, ఆ నీళ్లు పోసినా ఇదే జరిగింది. ఆ పదార్థానికి ఆయన జర్మన్‌లో ష్రెక్‌స్టాఫ్ అని పేరు పెట్టాడు. భయపు పదార్థం అని అర్థం.

అది ఎక్కడుంటుందో చూడండి. చేప పైచర్మంలో గద ఆకారంలో ఉండే పెద్ద కణాలున్నాయి. క్లబ్ సెల్స్ అంటారు. జిగురు తయారుచేసే పక్క కణాలకు చర్మం పైకి దారి ఉంటుంది, వీటికి ఉండదు. మూత బిగించిన సీసాల్లాంటివి. చర్మం చిరిగితేనే సీసా పగులుతుంది, లోపలిది నీళ్లలో కలుస్తుంది. అంటే చేప తనకు తానుగా ఈ కబురు పంపలేదు. బెదిరినా పంపలేదు, తరిమినా పంపలేదు. పన్ను దిగితేనే కబురు బయటికి వస్తుంది. అందుకే ఆ కబురు ఉత్తుత్తిది కావడం చాలా అరుదు, విన్న చేపలు దాన్ని నమ్మి తీరతాయి.

ఈ ఏర్పాటు ప్రధానంగా ఒస్టారియోఫైసి అనే పెద్ద వంశంలో బయటపడింది. టెట్రాలు, బార్బ్‌లు, రాస్బోరాలు, డానియోలు, లోచ్‌లు, క్యాట్‌ఫిష్‌లు అన్నీ ఈ వంశానివే. మొక్కల తొట్టె కోసం ఏ జాబితా రాసుకున్నా సగానికి పైగా ఇవే ఉంటాయి. గప్పీ, మోలీ, స్వోర్డ్‌టెయిల్, గౌరామి, ఏంజెల్ ఫిష్ ఈ వంశం బయటివి. ఆ వంశపు పేరులో 'చిన్న ఎముక', 'తిత్తి' అనే రెండు మాటలున్నాయి. వీటి ఈతతిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, దాన్ని 1820లో వెబర్ వర్ణించాడు. తరగతి గదిలో ట్రైపస్, ఇంటర్‌కేలేరియం, స్కాఫియం, క్లాస్ట్రమ్ అని నాలుగు పేర్లూ బట్టీ పట్టిస్తారు. గాలి నిండిన తిత్తి డప్పులా కంపిస్తే ఆ కంపనాన్ని ఈ ఎముకలు చెవికి మోస్తాయని, అందుకే ఈ చేపలకు వినికిడి అంత పదునని ఒక్క మాట చెబితే పిల్లలు ఆ పేర్లు జన్మలో మరిచిపోరు. తొట్టె అద్దం మీద వేలితో కొట్టొద్దని వేరే చెప్పనక్కర్లేదు కూడా.

తిరిగి వాసన దగ్గరికి వస్తాను. ఫ్యాట్‌హెడ్ మిన్నో మీద చేసిన ఒక లెక్క ప్రకారం, ఒక చదరపు సెంటీమీటరు చర్మం నుంచి వచ్చిన పదార్థం దాదాపు 58,000 లీటర్ల నీటిని భయపు నీరుగా మార్చగలదు. దీన్ని మన పాఠకుడి తొట్టెకు కుదిద్దాం. 58,000ను 100తో భాగిస్తే 580. చదరపు సెంటీమీటరులో 580వ వంతు, అంటే చదరపు మిల్లీమీటరులో ఆరో వంతు చర్మం చిరిగితే 100 లీటర్లకూ సరిపోతుంది. నియాన్ మిన్నో కాదు కాబట్టి ఈ అంకెను అక్షరాలా పట్టుకోకండి, దాని స్థాయిని చూడండి. అది కంటికి ఆనని గాయం. తోక అంచున ఒక కొరుకు, పక్క మీద ఒక గీరు.

నదిలో అయితే ఆ నీరు సాగిపోతుంది. తొట్టెలో ఎక్కడికి పోతుంది? ఫిల్టర్ లాగుతుంది, మళ్లీ అక్కడే పోస్తుంది. కొన్ని గంటల్లో ఆ పదార్థం శక్తి తగ్గుతుంది, నిజమే. రోజూ రాత్రి కొత్త గీరు పడుతుంటే తగ్గి ఏం లాభం?

రసాయనం విషయానికొస్తే, అది ఒకే పదార్థమని చాలాకాలం అనుకున్నారు. హైపోజాంథిన్-3-ఎన్-ఆక్సైడ్ అనే అణువు పేరు ముందుకొచ్చింది. 2012లో జీబ్రా చేపల మీద చేసిన పనిలో చర్మపు జిగురులోని కాండ్రాయిటిన్ అనే చక్కెర గొలుసు ముక్కలు కూడా ఈ బెదురును పుట్టిస్తాయని తేలింది. క్రూషియన్ కార్ప్ అనే చేపలో ఈ వాసన కబురు ముక్కు నుంచి మెదడుకు వెళ్లే తంతువుల కట్టలో లోపలి పాయ గుండా ప్రయాణిస్తుంది. మేత వాసనకు వేరే పాయ ఉంది. ఒకే ముక్కులో ఆకలికీ భయానికీ వేరువేరు తీగలు! ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇక పైక్ అనే వేటచేప కథ. మిన్నోలను తిన్న పైక్ వాసన తగిలితే మిన్నోలు బెదిరాయి. స్వోర్డ్‌టెయిల్‌లను తిన్న పైక్ వాసనకు బెదరలేదు. తిన్నవాడి ఒంటి నుంచి, మలం నుంచి తినబడ్డవాడి కబురు వస్తోందన్నమాట. మరో ప్రయోగంలో పైక్‌లు తాము వేటాడే చోటికి దూరంగా వెళ్లి మలం వదలడం కనిపించింది. ఏంజెల్ ఫిష్‌నూ నియాన్‌లనూ ఒకచోట ఉంచితే ఏంజెల్ నోరు పెరిగే కొద్దీ నియాన్‌ల లెక్క తగ్గుతుందని పెంపకందారులందరికీ తెలుసు. తక్కినవి ఎందుకు బిక్కుబిక్కుమంటాయో ఈ పైక్ కథ నాకు చెప్పింది. నోట్లో పట్టే చేపను నోరున్న చేపతో ఉంచొద్దనే పాత నియమంలో తినబడేదాని సంగతే కాదు, మిగిలినవాటి సంగతి కూడా ఉంది.

చేపకు మూడు క్షణాలే జ్ఞాపకం అనే మూఢనమ్మకం ఒకటి ఇప్పటికీ బతికే ఉంది. భయపు పదార్థంతో పాటు ఒక కొత్త వాసనను ఒకే ఒక్కసారి చూపిస్తే, ఆ తర్వాత ఆ కొత్త వాసన ఒక్కటే తగిలినా మిన్నోలు బెదురుతాయి. కొత్తగా కనబడిన చేప రూపాన్ని కూడా అలాగే ముడిపెట్టుకుంటాయి. ఆ కొత్త చేప ఏ పాపమూ ఎరగని గోల్డ్‌ఫిష్ అయినా సరే. మీరు కొత్త గౌరామిని దింపిన రోజే వేరే ఎవరో ఎవరినో కొరికితే, నింద గౌరామి మీద పడుతుంది. అందుకే ఒకే రోజు రెండు కొత్త జాతుల్ని దింపకండి.

భయం ఒంటి ఆకారాన్నీ మారుస్తుంది. పైక్‌లున్న నీళ్లలో పెరిగిన క్రూషియన్ కార్ప్ వీపు ఎత్తుగా ఎదుగుతుంది, పైక్ నోట్లో సులువుగా పట్టకుండా. ఈ సంగతి 1992లో ప్రచురితమైంది. వాసన విని ఒళ్లు మార్చుకునే జీవిని మనం అలంకారంగా చూస్తున్నాం.

"మొదట్లో బెదిరాయి, ఇప్పుడు అలవాటు పడ్డాయి" అని కొందరు ఊరట పడతారు. దీని మీద పర్యావరణ శాస్త్రంలో ఒక వాదన ఉంది. అపాయం అప్పుడప్పుడూ వస్తే జంతువు దాక్కుంటుంది. అపాయం ఎప్పుడూ ఉంటే దాక్కుని ఆకలితో చావలేదు కాబట్టి బయటికొచ్చి తింటుంది. బయట తిరగడాన్ని బట్టి భయం పోయిందనుకోలేం. రంగు వెలవెలబోవడం, అడుగున బిగుసుకుపోవడం, ఉన్నట్టుండి దూసుకుపోవడం చూడండి. కోరిడోరాస్ ఒక్కటి మినహాయింపు: అది గాలి గుటక కోసం పైకి దూసుకొచ్చి వెళుతుంది, పేగుతో గాలి పీల్చుకుంటుంది. అది బెదురు కాదు.

కాబట్టి చేపను ఎంచేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఎవరి చర్మాన్నైనా చీలుస్తుందా? టైగర్ బార్బ్ మూడే ఉంటే పక్కవాళ్ల తోకలు కొరుకుతుంది. పదింటిని ఉంచితే ఆ దూకుడు చాలావరకు తమలో తాము చూసుకుంటాయి. అయినా పొడవు తోకల గప్పీల దగ్గర నేను పెట్టను. సెర్పే టెట్రా కూడా ఆ బాపతే. ఎక్సోడాన్ టెట్రా ఏకంగా పొలుసులు పీకి తింటుంది, దాని ఊసే వద్దు. బెట్టా (ఫైటర్ చేప) మగదానికి రంగు తోకల గప్పీ సాటి మగదానిలా కనిపించవచ్చు.

రాస్బోరాలు, ఎంబర్ టెట్రాలు, కార్డినల్ టెట్రాలు, కూలీ లోచ్‌లు, ఒక జత హనీ గౌరామిలు: వీటిని నిశ్చింతగా కలపవచ్చు. గుంపు చేపలు ఏ జాతివైనా ఆరుకు తగ్గకూడదు. అవి నిర్భయంగా మధ్యలో తిరుగుతుంటే పిరికి డ్వార్ఫ్ సిక్లిడ్‌లు కూడా వాటిని చూసి బయటికి వస్తాయి. భయమే కాదు, భయం లేదన్న కబురు కూడా తొట్టెలో పాకుతుంది. ఈ పనికే పెంచే చేపల్ని డిథర్ ఫిష్ అంటారు.

ఇప్పుడు ఉత్తరానికి జవాబు. నాకు అనుమానం ఆ ఆల్జీ ఈటర్ మీద. అది చైనీస్ ఆల్జీ ఈటర్ అయితే చిన్నప్పుడు నాచే తింటుంది. పెరిగే కొద్దీ నాచు మీద మోజు తగ్గి, నిద్రలో ఉన్న చేపల పక్కలకు నోరు అతికించి జిగురు పీలుస్తుంది, చర్మం గీరుకుపోతుంది. 20 సెంటీమీటర్లు దాటి పెరిగే చేప అది, 100 లీటర్లలో ఎలాగూ పట్టదు. దీపాలు ఆర్పిన రెండు గంటలకు, మందమైన ఎర్ర వెలుతురులో పావుగంట కూర్చుని చూడండి. అదేనని తేలితే పెద్ద తొట్టె ఉన్నవారికి ఇచ్చేయండి. సగం నీళ్లు మార్చండి, ఫిల్టర్‌లో వారం పాటు యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. నాచు కోసం, తొట్టె పాతబడి నాచు బాగా ఉంటేనే, నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూగా పెరిగే ఓటోసింక్లస్ అనే చిన్న క్యాట్‌ఫిష్‌లను ఆరు తెచ్చుకోండి, అదీ నెల ఆగాక. ఈలోగా రోజూ ఒకే వేళకు, ముందు అద్దం దగ్గర కొంచెం మేత వేయండి. మొదట బయటికి వచ్చేవి రాస్బోరాలేనని నా అంచనా. ఏవి వచ్చాయో తప్పకుండా రాయండి.