కడుపులో మాట

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీరు రాసిన ఉత్తరాలన్నీ చదివాను. వాటిలో ఒకటి మాత్రం రెండు రోజులుగా నా బల్ల మీదే ఉంది. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. "పరీక్ష ఉన్న రోజు పొద్దున కడుపులో తిప్పుతుంది. ఏమీ తినబుద్ధి కాదు. రెండు మూడు సార్లు బాత్‌రూంకు పరుగెత్తాల్సి వస్తుంది. ప్రశ్నపత్రం చేతికొచ్చి కాస్త రాయడం మొదలుపెట్టాక అంతా సర్దుకుంటుంది. ఇంట్లో వాళ్లు ఇది భయం తప్ప నొప్పి కాదంటారు. నాకు మాత్రం నిజంగానే నొప్పిగా ఉంటుంది తాతయ్యా. భయం ఉండేది తలలో కదా, నొప్పి కడుపులో ఎందుకు? ప్రోబయోటిక్ మాత్రలు వేసుకుంటే భయం పోతుందని ఎవరో చెప్పారు, నిజమేనా?"

మొదటి ప్రశ్నకు జవాబు ఇప్పుడే చెప్పేస్తాను. నీ నొప్పి నిజమైనదే, అది భయం వల్ల వచ్చిందన్న మాట కూడా నిజమే, ఈ రెండింటికీ పొత్తు కుదరదని ఎవరూ అనుకోనక్కరలేదు. రెండో ప్రశ్నకు అంత తేలిగ్గా జవాబు చెప్పలేను, అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది.

మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలిసినట్లుంది. ఎవరి కష్టమైనా చూసి కడుపు తరుక్కుపోయిందంటాం, అసూయకు కడుపుమంట అని పేరు పెట్టాం, ఏ చీకూచింతా లేనివాడు కడుపులో చల్ల కదలకుండా బతుకుతున్నాడంటాం, ఎదుటివాడి తప్పును కడుపులో పెట్టుకొమ్మని బతిమాలుతాం. అయితే నుడికారం రుజువు కాదు. కళ్లతో చూసిన రుజువు ఒక మనిషి పొట్టకు పడిన చిల్లు వల్ల దొరికింది.

1822 జూన్ 6న అమెరికాలోని మాకినాక్ ద్వీపంలో, బొచ్చుతోళ్ల వ్యాపారంలో కూలికి పనిచేసే అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి అతి దగ్గర నుంచి తుపాకి దెబ్బ తగిలింది. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు అతణ్ణి బతికించగలిగాడు గానీ, ఎడమవైపు పడిన గాయం మానినా పొట్టలోకి తెరుచుకున్న రంధ్రం మాత్రం పూడలేదు. 1825 నుంచి బోమాంట్ మాంసం, రొట్టె, క్యాబేజీ వంటివాటి చిన్న ముక్కలను పట్టుదారానికి కట్టి, ఆ రంధ్రం గుండా లోపలికి వదిలి, గంట గంటకూ పైకి లాగి ఎంతవరకు కరిగాయో చూసి రాసుకునేవాడు. అలా చూస్తున్నప్పుడు ఆయనకు ఇంకో సంగతి కూడా కనిపించింది: ఆ మనిషికి కోపమో భయమో కలిగినప్పుడు జీర్ణాశయపు లోపలి పొర రంగు మారేది, ఒకప్పుడు ఎర్రబారి ఎండినట్లుండేది, మరొకప్పుడు పాలిపోయేది, జీర్ణక్రియ కూడా దెబ్బతినేది. ఈ ప్రయోగాలన్నీ 1833లో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకంతో పేరు వైద్యుడికి దక్కింది; చదువులేని ఆ పేదవాడు ఆ వైద్యుడి ఇంట్లోనే పనిచేస్తూ, మధ్యమధ్య విసిగి తన ఊరికి వెళ్లిపోతూ, ఏళ్ల తరబడి ఆ దారాలను భరించాడు. ఈ కథ చెప్పేటప్పుడు నేను అతని పేరే ముందు చెబుతాను.

ఇక మీ శరీరంలోకి వద్దాం. అన్నవాహిక మొదలు చివరి వరకు మన జీర్ణమార్గపు గోడల్లో రెండు పొరలుగా అల్లుకున్న నాడుల వల ఒకటుంది. అందులో ఉన్న నాడీకణాలను పది కోట్ల నుంచి యాభై కోట్ల దాకా లెక్కగడతారు. 1899లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు, బయటి నుంచి వచ్చే నాడులన్నిటినీ తెంచేసిన తరువాత కూడా పేగు తన పని తాను చేసుకుపోతుందని చూపించారు: లోపలి ముద్దకు వెనకవైపు పేగు బిగుసుకుంటుంది, ముందువైపు సడలుతుంది, ముద్ద ముందుకు జరుగుతుంది. అందుకే కొందరు దీన్ని రెండో మెదడు అంటారు. నాకు ఆ పేరు నచ్చదు. అది ఎక్కాలు అప్పజెప్పదు, దిగులూ పడదు. తన పని బాగా తెలిసిన పనివాడు అంటే సరిపోతుంది.

ఈ పనివాడికీ పైనున్న మెదడుకూ మధ్య పెద్ద దారి వేగస్ నాడి. మెదడు ఆజ్ఞలిస్తుంది, పొట్ట వింటుంది అనుకుంటాం గానీ, ఆ నాడిలోని ప్రతి పది తీగల్లో సుమారు ఎనిమిది కింది నుంచి పైకి కబుర్లు మోసేవే. పరీక్ష రోజున ఏం జరుగుతుందో ఇప్పుడు చూడండి. మెదడు ఆపద వచ్చిందని గంట కొడుతుంది. ఆ గంట వినగానే జీర్ణాశయం తన పనిని నెమ్మదింపజేస్తుంది, అందువల్ల తినబుద్ధి కాదు, తిన్నది అక్కడే నిలిచి తిప్పినట్లుంటుంది. పెద్దపేగు మాత్రం దానికి భిన్నంగా తొందరపడుతుంది, అందువల్ల బాత్‌రూంకు పరుగు. అవి రెండూ చేసే ఈ హడావిడి కబురు మళ్లీ వేగస్ వంటి నాడుల గుండా పైకి వెళ్లి, ఇదివరకే కంగారు పడుతున్న మెదడును ఇంకాస్త కంగారు పెడుతుంది. ప్రశ్నపత్రం చూశాక గంట ఆగుతుంది, పొట్ట సర్దుకుంటుంది. అమ్మాయి రాసిన ప్రతి లక్షణానికీ ఇందులో చోటుంది.

నాడులు కబుర్లు పంపుకోవడానికి వాడుకునే సెరోటోనిన్ అనే రసాయనం పేరు మీలో కొందరు వినే ఉంటారు. శరీరంలోని సెరోటోనిన్‌లో 90 శాతానికి పైగా పొట్టలోనే ఉంటుందన్నది నిజం. దాన్ని పట్టుకుని "సంతోషం పేగుల్లో తయారవుతుంది" అని చెప్పేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. పేగుల్లోని సెరోటోనిన్ రక్తానికీ మెదడుకూ మధ్యనున్న కంచెను దాటి లోపలికి పోలేదు, మెదడు తనకు కావలసినది తానే తయారు చేసుకుంటుంది. పేగుల్లో దాని పని వేరు: కదలికను నడపడం, అక్కడి నాడుల కొసలను తట్టి కబురు పంపడం.

ఇప్పుడు సూక్ష్మజీవుల సంగతి. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో, మన శరీర కణాల కంటే మనలోని బ్యాక్టీరియా పదింతలు ఎక్కువని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను, పరీక్షల్లో అడిగి మార్కులు కూడా వేశాను. 2016లో కొందరు శాస్త్రవేత్తలు ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వి చూస్తే, దాని కింద గట్టి పునాది లేదని తేలింది. వారి అంచనా ప్రకారం ఒక సగటు మగమనిషిలో బ్యాక్టీరియా 38 లక్షల కోట్లు, సొంత కణాలు 30 లక్షల కోట్లు. అంటే దాదాపు సమానం. ఆ బ్యాక్టీరియా అంతటి బరువు 200 గ్రాములు. ఆ మార్కులు ఇప్పుడు వెనక్కి తీసుకోలేను గానీ, మీకు మాత్రం సరైన లెక్క చెప్పాను.

వీటిలో చాలా వరకు పెద్దపేగులోనే ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచు పదార్థం అక్కడికి చేరితే, అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలుగా మారుస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఆహారం ఆ బ్యూటిరేటే. పీచు మనకు పనికిరాదని తీసి పారేస్తే, పస్తుండేది అవి, ఆ తరువాత ఆ గోడ.

ఈ జీవులు మనసు దాకా రాగలవా అన్న ప్రశ్నను మొదట ఎలుకలను అడిగారు. 2004లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో, ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా పెంచిన చిట్టెలుకలను కదలనీయకుండా బంధించి చూస్తే, ఒత్తిడి హార్మోన్లు మామూలు ఎలుకల కంటే ఎక్కువగా విడుదలయ్యాయి. వాటికి ఒక రకం బిఫిడోబ్యాక్టీరియాను ఎక్కిస్తే ఆ తేడా పోయింది. 2011లో ఐర్లండులోని కార్క్ నగర పరిశోధకులు లాక్టోబేసిల్లస్ రామ్నోసస్ అనే బ్యాక్టీరియాలో జేబీ-1 అనే ప్రత్యేక రకాన్ని ఎలుకలకు పెడితే వాటి బెదురు తగ్గింది, వేగస్ నాడిని కోసేసిన ఎలుకల్లో మాత్రం ఏ మార్పూ రాలేదు. కబురు ఏ దారిన వెళ్లిందో ఆ కోతతో తెలిసిపోయింది! అప్పుడు అందరికీ ఆశ పుట్టింది. కార్క్ పరిశోధకులు అదే రకాన్ని ఆరోగ్యవంతులైన 29 మంది మగవారికి ఇచ్చి, 2017లో ఫలితం ప్రకటించారు: ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే ఒత్తిడిలో గానీ మనసులో గానీ తేడా లేదు. తమ ఆశకు ఎదురు వచ్చిన ఫలితాన్ని దాచకుండా అచ్చు వేసినందుకు వారి మీద నాకు గౌరవం పెరిగింది. మందుల సీసాల మీద మాత్రం మొదటి కథే కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

ఇంతకీ ప్రోబయోటిక్ అంటే ఏమిటి? తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు అని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిపి పిలిచిన నిపుణులు నిర్వచించారు. ఇందులో ప్రతి మాటకూ బరువుంది: బతికి ఉండాలి, సరిపడా ఉండాలి, మేలు జరిగినట్లు రుజువు కావాలి. పెరుగును దగ్గరగా చూడండి. గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు కలిపి కదపకుండా ఉంచితే, అందులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి, ఆ పులుపుకు పాలలోని మాంసకృత్తులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడతాయి. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, చల్లగా ఉంటే బద్ధకిస్తుంది. 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా విద్యార్థి ఈ తోడులోని ఒక బ్యాక్టీరియాను గుర్తించాడు. 1908లో నోబెల్ బహుమతి పొందిన ఇలియా మెచ్నికోఫ్, ఆ పులిసిన పాలు ముసలితనాన్ని వెనక్కి నెడతాయని నమ్మి రోజూ తాగి, 71వ ఏట కన్నుమూశాడు. ఆ బ్యాక్టీరియా మన పేగుల్లో కాపురం పెట్టదని ఆ తరువాత తేలింది. అది చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిపోతుంది. అయినా పెరుగు మంచి ఆహారమే, దాన్ని మందుగా ఊహించుకోవడమే చిక్కు.

సీసాలో వచ్చేవాటి సంగతి వేరే. లాక్టోబేసిల్లస్ అని ఇంటిపేరు ఒక్కటే రాసి ఊరుకుంటే చాలదు, తరువాతి పేరు, దాని వెనక రకాన్ని తెలిపే అక్షరాలో అంకెలో కూడా ఉండాలి, ఎందుకంటే ఒక రకం చేసే పని దాని తోబుట్టువు చేయకపోవచ్చు. కొన్ని రకాలు యాంటీబయాటిక్ మందుల వల్ల వచ్చే విరేచనాలను తగ్గిస్తాయనడానికి మంచి ఆధారాలున్నాయి. కుంగుబాటు విషయంలో కొన్ని చిన్న పరీక్షల్లో కొద్దిపాటి మేలు కనిపించింది, కొన్నిటిలో కనిపించలేదు. 2018లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఒక పరిశీలనలో, యాంటీబయాటిక్ తీసుకున్న ఆరోగ్యవంతులకు ప్రోబయోటిక్ ఇస్తే, వారి సొంత సూక్ష్మజీవులు తిరిగి కుదురుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇవి ప్రమాదం కూడా కావచ్చు. కాబట్టి వైద్యుడు చెప్పకుండా మీరు కొని వేసుకోకండి.

నా దృష్టిలో ఆహారం వైపు ఆధారాలు ఇంతకంటే ఆసక్తికరం. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు కుంగుబాటుతో బాధపడుతున్న 67 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 12 వారాలు తిండి బాగుచేసుకోవడంలో తోడ్పడ్డారు, ఇంకో జట్టుతో అంతే సమయం స్నేహంగా గడిపారు. మొదటి జట్టులో దాదాపు మూడో వంతు మందికి కుంగుబాటు తగ్గిపోయింది, రెండో జట్టులో అలా తగ్గింది 8 శాతం మందికే. చాలామంది అంతకుముందు నుంచే తీసుకుంటున్న చికిత్సను మానలేదు, ఏ జట్టులో ఉన్నదీ ఎవరికి వారికి తెలుసు, జట్లు చిన్నవి, ఇవి మరచిపోకూడదు. అయినా కూరగాయలు, పప్పుధాన్యాలు, పొట్టు తీయని గింజలు, పండ్లు తినడానికి ఇంకా రుజువు కావాలని మీరు ఆగాల్సిన పని లేదు.

అమ్మాయీ, నీకు ఇంకొక మాట. ప్రతి కడుపునొప్పినీ భయానికి అంటగట్టడం కూడా తప్పే. జీర్ణాశయపు పుండ్లు దిగులు వల్లే వస్తాయని ఒకప్పుడు పెద్ద పెద్ద వైద్యులే నమ్మేవారు. 1984లో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు, ఆ పుండ్లకు కారణమని తాను నమ్మిన హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కలిపిన ద్రావణాన్ని స్వయంగా తాగి, పొట్టలో వాపు తెచ్చుకుని చూపించాడు. ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ వచ్చింది. అందుకని నీ నొప్పి సెలవుల్లో కూడా వస్తున్నా, రాత్రి నిద్రలో లేపుతున్నా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా భయం అనుకుని ఊరుకోక వైద్యుడికి చూపించాలి. అలాగే ఏ పరీక్షా లేకున్నా రెండు వారాలుగా దిగులు వదలకపోతే, ఆ మాటను కడుపులో దాచుకోకుండా ఇంట్లో పెద్దవారికి చెప్పాలి. దానికి చికిత్స ఉంది, ఆ చికిత్స పెరుగు గిన్నెలో లేదు.

పరీక్ష రోజున కాస్త ముందుగా లేచి, తేలికైనది కొద్దిగా తిను. తిప్పడం మొదలైనప్పుడు ఊపిరి తీసుకున్న దానికంటే నెమ్మదిగా, పొడుగ్గా వదులుతూ కూర్చో. నిదానమైన ఉచ్ఛ్వాస నిశ్వాసలు వేగస్ నాడి ప్రభావాన్ని పెంచి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. బోమాంట్ చేసినట్లు ఒక పని కూడా చేసిపెట్టు. నోటుపుస్తకంలో వచ్చే నాలుగు పరీక్షలకు నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో, ముందురోజు రాత్రి ఎంతసేపు నిద్రపోయావో, ఏం తిన్నావో, ప్రశ్నపత్రం అందాక ఎన్ని నిమిషాలకు తగ్గిందో రాసుకుని నాకు పంపు. మిగతావాళ్లు కూడా పంపితే అందరివీ ఒకచోట పెట్టి చూద్దాం.

మీ
తాతయ్య