మొక్కజొన్న పొత్తు ఎంతసేపు ఉడకాలి?

మొక్కజొన్న పొత్తును ఎంతసేపు ఉడకబెట్టాలని అడిగితే ఒకరు అయిదు నిమిషాలంటారు, ఇంకొకరు అరగంటైనా పడుతుందంటారు. ఇద్దరు చెప్పేదీ నిజమే, వాళ్ల దగ్గరున్న పొత్తులే వేరు. పొయ్యి వెలిగించే ముందు చేతిలో ఉన్నది స్వీట్ కార్నా, మామూలు మొక్కజొన్నా, లేతదా, ముదురుదా అన్నది తేల్చుకోవాలి.

అందుకు బొటనవేలి గోరు చాలు. పొత్తు మధ్యలో ఒక గింజను గిల్లండి. తెల్లగా పాలు చిమ్మితే లేతది. పాలు రాకుండా చిక్కటి ముద్ద బయటికొస్తే ముదురుతోందన్నమాట. గోరే దిగకపోతే అది ఉడకబెట్టుకునే పొత్తు కాదు, ఎండబెట్టి పిండి పట్టించుకోవాల్సిందే. సూపర్ స్వీట్ రకాల్లో మాత్రం పాలు నీళ్లలా పలచగా ఉంటాయి, అది లోపం కాదు.

లేత గింజలో ఎక్కువ భాగం నీళ్లే. అందులోని చక్కెర, గింజ ముదిరేకొద్దీ పిండి పదార్థంగా మారిపోతుంది. స్వీట్ కార్న్‌లో ఒక జన్యువులో వచ్చిన తేడా వల్ల ఈ పని పూర్తిగా సాగదు, అందుకే ఆ తీపి. అయితే పొత్తు కోశాక కూడా ఈ మార్పు ఆగదు. పాత స్వీట్ కార్న్ రకాలను 30 డిగ్రీల సెల్సియస్ వేడిలో వదిలేస్తే ఒక్క రోజులో సగానికి పైగా చక్కెర పోతుంది. సున్నా డిగ్రీల దగ్గర పదో వంతు కూడా పోదు. 1950లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్నన్ అనే జన్యుశాస్త్రవేత్త, ఎండితే ముడుచుకుపోయే గింజలున్న ఒక రకంలో చక్కెర చాలా ఎక్కువగా ఉందని చూపించారు. నేటి సూపర్ స్వీట్ రకాలు ఆ దారిలో వచ్చినవే. వీటి తీపి ఫ్రిజ్‌లో కొన్ని రోజులు నిలుస్తుంది. ఏ రకమైనా సరే, వండే దాకా పైఆకులు తీయకపోవడమే మంచిది. తీస్తే గింజల్లో తడి ఆరిపోతుంది.

ఇక వేడి సంగతి. మొక్కజొన్నలోని పిండి పదార్థం సుమారు 62 నుంచి 72 డిగ్రీల మధ్య నీటిని పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. స్వీట్ కార్న్‌లో అది కొంచెమే కాబట్టి గింజ లోపలి దాకా వేడెక్కితే పని అయిపోయినట్టే. మరుగుతున్న నీళ్లలో వేసి మూడు నుంచి అయిదు నిమిషాలకు తీసేయవచ్చు. ఇంకా తేలిక పద్ధతి ఒకటుంది. పొత్తులు మునిగి, పైన నాలుగు వేళ్లెత్తు నిలిచేలా నీళ్లు మరిగించి, పొత్తులు వేసి, స్టవ్ ఆపేసి మూత పెట్టండి. పది నిమిషాల్లో తయారవుతాయి. నీళ్ల వేడి తగ్గుతూ పోతుంది కాబట్టి ఇంకో పది నిమిషాలు ఆలస్యమైనా గింజ చెడదు. చిన్న గిన్నెలో ఎక్కువ పొత్తులు కుక్కితే మాత్రం నీళ్లు ఒక్కసారిగా చల్లబడి గింజ పచ్చిగా ఉండిపోతుంది.

మామూలు మొక్కజొన్నకు ఈ లెక్క కుదరదు. పిండి పదార్థం ఎక్కువ, గింజ తోలు మందం. లేతవైతే 20 నిమిషాలు, ముదురువైతే 40 దాకా మరగాలి. ప్రెషర్ కుక్కర్ అసలు పనికొచ్చేది వీటికే. లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. నాలుగు పొత్తులకు రెండు గ్లాసుల నీళ్లు పోసి, లేతవైతే మూడు, ముదురువైతే అయిదారు విజిల్స్ రానిచ్చి, ఆవిరి దానంతటదే పోయేదాకా ఆగాలి. స్వీట్ కార్న్‌ను ఇలా వండితే గింజలు చితికిపోతాయి, తీపి నీళ్లపాలవుతుంది.

ఉడికే నీళ్లలో నిమ్మరసం పిండొద్దు. పులుపు తగిలితే గింజ తోలు త్వరగా మెత్తబడదు. కాల్షియం ఎక్కువున్న ఉప్పనీళ్లతోనూ అదే ఇబ్బంది. ఉప్పు వేసినా అయిదు నిమిషాల్లో ఆ తోలు దాటి లోపలికి పెద్దగా పోదు. అందుకే ఉప్పూ నిమ్మకాయా తినేముందే రుద్దుకోవాలి. ఉడికిన పొత్తును తీసి గాలికి పెడితే గింజలు చూస్తుండగానే నొక్కుకుపోతాయి. పైతడి ఆవిరైపోయి, లోపలిది చల్లారి కుంచించుకుపోవడం వల్ల అలా జరుగుతుంది. తినే దాకా వేడినీళ్లలో ఉంచండి, లేదా తడిగుడ్డ కప్పండి.

ఒకటి రెండు పొత్తులే అయితే మైక్రోవేవ్‌ను మించింది లేదు. కొసన వేలాడే ఎండు పీచు కత్తిరించి, పైఆకులతోనే పెట్టి, 900 వాట్ల దగ్గర ఒక పొత్తుకు నాలుగు నిమిషాలు, రెండింటికి ఆరేడు నిమిషాలు తిప్పండి. ఆకుల మధ్య చిక్కుకున్న ఆవిరే గింజను ఉడికిస్తుంది. రెండు నిమిషాలు ఆగి, కాడ వైపు మొదటి వరస గింజలతో సహా అడ్డంగా కోసేసి, పీచు కొసను గుడ్డతో పట్టుకుని గట్టిగా నొక్కి విదిలిస్తే పొత్తు నున్నగా జారి బయటపడుతుంది. పీచు చాలావరకు ఆకులతోనే ఉండిపోతుంది. పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు అతుక్కుని ఉంటుంది, పచ్చి పొత్తు ఒలిచేటప్పుడు అంత విసుగు అందుకే.

కాల్చడానికి పాలున్న లేత పొత్తే కావాలి. గింజలోని నీళ్లతోనే పిండి పదార్థం ఉడకాలి, ముదురు గింజలో ఆ నీళ్లు చాలవు, ఉడికేలోపే ఎండి రాయిలా అవుతుంది. ముదురుదే ఉంటే ముందు కుక్కర్లో పెట్టి, తరవాత కాల్చాలి. మంట ఆరిన నిప్పుల మీద కాల్చాలి. గ్యాస్ మీదైతే మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో జాలీ పెట్టి, మధ్యస్థపు మంట మీద తిప్పుతూ ఏడెనిమిది నిమిషాలు. సుమారు 140 డిగ్రీలు దాటాక చక్కెర, మాంసకృత్తుల అంశాలు కలిసి గోధుమ రంగూ కాల్చిన వాసనా ఇస్తాయి. మంటకు మరీ దగ్గరగా పెడితే పైన నల్లగా మాడుతుంది, లోపల పచ్చిదనం పోదు. ఆవిరి పట్టి గింజలు పేలి చిట్లుతాయి కూడా, మొహం కాస్త దూరంగా ఉంచాలి.

మిగిలిన మామూలు పొత్తులు ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గట్టిపడతాయి. చల్లదనానికి పిండి పదార్థం మళ్లీ బిగుసుకుంటుంది. పారేయకండి, అయిదారు నిమిషాలు ఆవిరి పట్టిస్తే మళ్లీ మెత్తబడతాయి.