అర మిల్లీమీటరు నురగ

"మా కొత్త ఫ్రిజ్‌కి రెండు పక్కలా చెయ్యి పెడితే కాలుతోంది. వెనక నల్ల జాలీ కూడా లేదు. గ్యాస్ లీకవుతోందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. టెన్షన్ పడి ఫ్రిజ్ పక్కల మీద తువ్వాలు కప్పారట. ఫ్రిజ్‌కి ఏమీ కాలేదండీ. వెనక ఉండాల్సిన జాలీయే పక్క రేకుల చాటుకి వెళ్లింది, అంతే. ముందు ఆ తువ్వాలు తీసేయండి.

ఆ పక్క గోడంటే నాకు చాలా ఇష్టం. ఎండకి శ్లాబు కాలిపోయే మన పైఅంతస్తు ఇళ్లని, గొట్టాల్లో చల్లనీళ్లు పారించి చల్లబరిచే పలక కిటుకు దాన్లోనే ఉంది. బయట ఉక్కు రేకు, లోపల ప్లాస్టిక్, మధ్యలో పసుపుపచ్చటి పాలీయురెథేన్ నురగ. షెడ్లు వేసేవాళ్లు దీన్నే పఫ్ అంటారు. ఉక్కు రేకుకి లోపలివైపు ఒక సన్నటి గొట్టం మెలికలు తిరుగుతూ అంటుకుని ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి లాగిన వేడి ఆ గొట్టం నుంచి రేకులోకి, రేకు నుంచి గదిలోకి పోతుంది. అది మళ్లీ లోపలికి వెళ్లకుండా నురగ ఆపుతుంది. పలక ఒకటే, కానీ ఒక ముఖం వేడిని పంపిస్తుంది, రెండోది ఆపేస్తుంది.

బడిలో మాచేత ఉష్ణవాహకాలు, ఉష్ణబంధకాలు అని రెండు జాబితాలు బట్టీ పట్టించారు. రాగి ఇటు, చెక్క అటు. ఎంత తేడా అన్నది మాత్రం చెప్పలేదు. పిల్లలకి ముందు చెప్పాల్సింది అదేనని నా అభిప్రాయం. చదరపు మీటరు వైశాల్యం, మీటరు మందం ఉన్న దిమ్మలోంచి డిగ్రీ తేడాకి ఎన్ని వాట్ల వేడి పోతుందో చూస్తే అల్యూమినియం ఉష్ణవాహకత సుమారు 230. పఫ్ నురగది 0.023. అంటే పదివేల రెట్లు తేడా! ఐదు సెంటీమీటర్ల నురగ ఆపే వేడిని ఇటుకతో ఆపాలంటే దాదాపు మీటరున్నర మందం గోడ కట్టాలి. ఐసు దిమ్మల మీద ఊక పోసి గోనెపట్టా కప్పుతారే, అక్కడ పనిచేసేది ఊకలో చిక్కుకున్న కదలని గాలి. నురగలోని బుడగల్లో ఉండేది గాలి కూడా కాదు. సైక్లోపెంటేన్ లాంటి ద్రవపు ఆవిరి ఉంటుంది, అది గాలి మోసే వేడిలో సగమే మోస్తుంది.

తయారీ చూడముచ్చటగా ఉంటుంది. పాలియాల్, ఐసోసైనేట్ అనే రెండు ద్రవాల్ని కలిపి రేకుల మధ్య పోస్తారు. కొన్ని సెకన్లలో మీగడలా చిక్కబడి, పాలు పొంగినట్టు పొంగుతుంది. ఆ రసాయన చర్యలోనే బోలెడు వేడి పుడుతుంది, నడిమధ్యన నూరు డిగ్రీలు దాటుతుంది. ముందే కలిపి ఉంచిన సైక్లోపెంటేన్ 49 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఆ వేడికి అది ఆవిరై బుడగలు కడుతుంది. ద్రవం 25 రెట్లకి పైగా ఉబ్బి, ఘనమీటరుకి 40 కిలోల దగ్గర గట్టిపడుతుంది. రేకుని జిగురు లేకుండానే పట్టేసుకుంటుంది, రేకు మీద నూనె మరక లేకపోతే చాలు. ఉబ్బేటప్పుడు రేకుల్ని బయటికి తోసేస్తుంది కాబట్టి అంతసేపూ ప్రెస్‌లో బిగించి ఉంచాలి. పాలీయురెథేన్ రసాయనాన్ని 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం కనిపెట్టింది. బుడగలు కట్టడానికి ఒకప్పుడు వాడిన వాయువులు ఓజోన్ పొరను తిన్నాయి. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఒక్కొక్కటే పోయాయి. వాటిలో హెచ్‌సీఎఫ్‌సీ-141బీని మన దేశం 2020 జనవరి 1 నాటికి పూర్తిగా ఆపేసింది.

ఇక అసలు సంగతి. గొట్టం గుండ్రం, రేకు బల్లపరుపు. రెండూ కలిసేది ఒక గీత వెంబడే. ఆ గీతకి అటూ ఇటూ సన్నటి సందు మిగులుతుంది. మీగడలాంటి నురగ వెతుక్కుంటూ వెళ్లి ఆ సందులో దూరుతుంది. అర మిల్లీమీటరు దూరితే చాలు, అది మందం లెక్కన ఐదు మీటర్ల అల్యూమినియం అడ్డుపెట్టినంత! వేడిని ఆపడానికి పోసిన నురగే వేడి పోయే దారిని మూసేస్తుంది.

మా వీధి మెకానిక్ షాపులో పాత ఫ్రిజ్ పక్క రేకుని కోసి పడేస్తే వంగి చూశాను. గొట్టం పొడవునా వెడల్పాటి అల్యూమినియం టేపు నొక్కి అంటించి ఉంది. ఒక వంపు దగ్గర టేపు జానెడు లేచిపోయింది. గొట్టానికీ రేకుకీ మధ్య పసుపు నురగ గోటి మందాన గడ్డకట్టి ఉంది. ఆ జానెడు గొట్టం అన్నేళ్లూ దాదాపు దండగే. ఆ టేపు నురగని రానివ్వదు, గొట్టం పైవైపు వేడిని కూడా రేకులోకి దింపుతుంది. ఇళ్ల ప్యానెళ్లకైతే గొట్టం సరిగ్గా కూర్చునే గాడి ఉన్న అల్యూమినియం పట్టీలు ఇంకా మేలు.

తర్వాత వేడి రేకులో పక్కకి పాకాలి. గొట్టానికీ గొట్టానికీ 15 సెంటీమీటర్ల దూరం, గదికీ రేకుకీ మధ్య డిగ్రీ తేడాకి చదరపు మీటరుకి 10 వాట్ల వేడి మారుతుందనుకుని, చల్లనీళ్ల పలకకి లెక్క వేశాను. ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకైతే, రేకంతా గొట్టమంత చల్లగా ఉంటే చేసే పనిలో 90 శాతానికి పైగా చేస్తుంది. అర మిల్లీమీటరు ఉక్కు రేకైతే 60 శాతమే. ఉక్కుతో అదే ఫలితం కావాలంటే గొట్టాల్ని 5 సెంటీమీటర్లకి దగ్గర చెయ్యాలి. రేకు చవకలో మిగిలిన డబ్బు గొట్టానికి పోతుంది.

ఇప్పుడు ఈ పలకని మే నెలలో కాలిపోయే శ్లాబు కింద తగిలించండి. నురగ పైకి, అల్యూమినియం కిందికి, గొట్టంలో చల్లనీళ్లు. శ్లాబు వేడిని నురగ ఆపుతుంది, మన ఒంటి వేడిని రేకు లాక్కుంటుంది. గొట్టాలతో గదిని చల్లబరచడం హైదరాబాద్‌కి కొత్త కాదు. పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒక భవనాన్ని సగం మామూలు ఏసీతో, సగం కాంక్రీటు శ్లాబులో చల్లనీటి గొట్టాలతో కట్టారు. గొట్టాల సగానికి కరెంటు 34 శాతం తక్కువ పట్టింది. అయితే కట్టేసిన శ్లాబులో గొట్టాలు పెట్టలేం. పలకని ఎప్పుడైనా తగిలించుకోవచ్చు.

చిక్కల్లా చెమ్మతోనే. 35 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న రోజున 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనిమీదైనా నీళ్లు పడతాయి, చల్లనీళ్ల చెంబు మీద పట్టినట్టే. విజయవాడలోనో కాకినాడలోనో 18 డిగ్రీల పలక పెడితే పరుపు మీద చుక్కలు రాలతాయి. అక్కడ ముందు గది గాలిలోని తేమ తీయాలి, తలుపులు మూసి ఉంచాలి.

పలక బాగా కుదిరిందో లేదో చూడటానికి గోరువెచ్చటి నీళ్లు వదిలి, వేడిని బొమ్మగా చూపించే థర్మల్ కెమెరాతో చూస్తే చాలు, గొట్టం వెంబడి వేడి చారలు కనిపిస్తాయి. నురగ దూరిన చోట చార మసకబారుతుంది. మీ ఇంట్లో కెమెరా అక్కర్లేదు. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు అరచేతిని ఫ్రిజ్ పక్కన మెల్లగా జరపండి. వేడి, కాస్త తక్కువ వేడి, మళ్లీ వేడి అని చారలు తగులుతాయి. ఆ చారలే లోపలి గొట్టం.