నౌకాధికారి నీటిరంగుల్లో మంచుసముద్రం

1853 ఏప్రిల్ 15న, ఉత్తర ధ్రువ ప్రాంతంలోని బ్యాంక్స్ ద్వీపం ఒడ్డున, మెర్సీ అఖాతంలో మంచుకు చిక్కి కదలలేకపోయిన హెచ్‌.ఎం.ఎస్‌. ఇన్వెస్టిగేటర్ నౌకను విడిచి ఒక నావికుల బృందం స్లెడ్జి బళ్లను లాక్కుంటూ మెల్విల్ ద్వీపం వైపు సాగింది. ఆ బృందానికి నాయకుడు లెఫ్టినెంట్ శామ్యూల్ గర్నీ క్రెస్‌వెల్. జైళ్ల సంస్కరణకు పేరు పొందిన ఎలిజబెత్ ఫ్రై కూతురి కొడుకైన ఈ యువ అధికారికి నీటిరంగుల మీద మంచి పట్టు ఉండేది. ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లండు చేరిన అతడు అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాలను కలిపే వాయవ్య మార్గాన్ని, కొంత ఓడలోనూ కొంత మంచు మీద నడకతోనూ, ఈ చివర నుంచి ఆ చివరకు దాటినవారిలో మొదటివాడయ్యాడు. మరుసటి సంవత్సరం అతని చిత్రాల్లో ఎనిమిదింటిని డే అండ్ సన్ సంస్థ రంగుల శిలాముద్రణలో, అంటే రాతిపలక మీద గీసి అచ్చువేసే పద్ధతిలో, వెలువరించింది. ఇలాంటి చిత్రాన్ని గోడకు తగిలించుకునే అందమైన వస్తువుగా మాత్రమే చూస్తే, అందులో దాగిన సమాచారంలో సగానికి పైగా మనకు అందకుండా పోతుందని నా గట్టి నమ్మకం.

ఫొటోగ్రఫీ ఇంకా ఓడల్లోకి రాని రోజుల్లో చిత్రలేఖనం నౌకాధికారికి సరదా వ్యాపకం కాదు, ఉద్యోగంలో భాగం. పోర్ట్స్‌మత్‌లోని నౌకా విద్యాలయంలో గణితం, నౌకాయానాలతో పాటు బొమ్మలు గీయడమూ నేర్పేవారు. సముద్ర చిత్రకారుడు జాన్ క్రిస్టియన్ షెట్కీ 19వ శతాబ్దం తొలి దశకాల్లో అక్కడ ఆ పాఠాలు చెప్పాడు. తీరానికి దూరంగా ఉన్న ఓడ నుంచి చూస్తే ఏ కొండ ఎటు వైపు, ఏ ఆకారంలో కనబడుతుందో గీసిన తీరదృశ్యాలు పటాలకు తోడుగా ఉండేవి. వాటిని చూసుకునే తరువాత వచ్చే నావికుడు తానెక్కడున్నదీ పోల్చుకునేవాడు. 1795లో ఏర్పడిన బ్రిటిష్ నౌకాదళ జలపటాల కార్యాలయానికి తొలి అధిపతి అయిన అలెగ్జాండర్ డాల్రింపుల్ యౌవనంలో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసినవాడే. ఇలాంటి తర్ఫీదు పొందిన కన్ను కొండ ఎత్తును ఊహించి పెంచదు, ఓడ తాళ్లను ఇష్టం వచ్చినట్టు కట్టదు. నౌకాధికారుల చిత్రాలకు చరిత్రకారులూ శాస్త్రజ్ఞులూ విలువ ఇవ్వడానికి ఒక కారణం ఇదే.

ఇన్వెస్టిగేటర్ 1850 జనవరిలో ఇంగ్లండు నుంచి బయలుదేరింది. 1845లో 129 మందితో వెళ్లి తిరిగిరాని జాన్ ఫ్రాంక్లిన్ బృందాన్ని వెతకడం దాని పని, రాబర్ట్ మెక్‌క్లూర్ దాని కెప్టెన్. పసిఫిక్ వైపు నుంచి ధ్రువ సముద్రంలో ప్రవేశించి ఒక చలికాలం గడిపాక, 1851 ఆగస్టులో ఆ ఓడ బ్యాంక్స్ ద్వీపాన్ని పడమటి నుంచి చుట్టి వెళ్లింది. ఒక పక్క నిట్టనిలువు తీరం, మరో పక్క ఒత్తుకొస్తున్న మంచు, మధ్యలో సన్నని నీటిదారి. ఆగస్టు 20 నాటి ప్రమాద స్థితిని చూపే క్రెస్‌వెల్ చిత్రంలో ఓడ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, దాని చుట్టూ భారీ మంచుదిమ్మలు లేచి ఉంటాయి.

సముద్రపు మంచు అంతా ఒకటి కాదు. ఒకే చలికాలంలో గడ్డకట్టిన మంచు సాధారణంగా రెండు మీటర్ల మందం మించదు, అందులో ఉప్పు ఎక్కువ. వేసవిని తట్టుకుని నిలిచిన మంచులో నుంచి ఉప్పునీరు మెల్లగా కిందికి జారిపోతుంది, ఏటికేడు మందం పెరుగుతుంది, గట్టిపడుతుంది. పాత మంచు పైపొరను కరిగించి నావికులు తాగునీరుగా వాడుకునేవారు. బ్యూఫోర్ట్ సముద్రంలో సవ్యదిశలో సుడి తిరిగే ప్రవాహం, గాలులు కలిసి ఇలాంటి ముదురు మంచును తెచ్చి బ్యాంక్స్ ద్వీపం పడమటి తీరానికి గుద్దుతాయి. కొత్తగా విరిగి పేరుకున్న దిబ్బల అంచులు పదునుగా ఉంటాయి, వేసవులు చూసిన దిబ్బలు కరిగి గుండ్రంగా, నునుపుగా తయారవుతాయి. కనుక చిత్రంలో దిమ్మల అంచులు ఎలా ఉన్నాయో, పక్కన నిలబడ్డ మనిషితో పోలిస్తే అవెంత ఎత్తున్నాయో చూస్తే మంచు వయసును గురించి కొంత చెప్పవచ్చు. అయితే అచ్చు ప్రతిని చూసి తీర్పు ఇవ్వకూడదు. కొనేవారి మనసు దోచుకోవడానికి శిల మీద గీసే కళాకారుడు కొంత నాటకీయత చేర్చే అవకాశం ఉంది. అందుకే అసలు చిత్రాలను, ఓడ వైద్యుడు అలెగ్జాండర్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1857లో ప్రచురించిన వృత్తాంతంతోనూ, దుబాసీగా వెళ్లిన మిషనరీ యోహాన్ మీర్చింగ్ దినచర్యతోనూ పక్కపక్కన పెట్టి చదవాలి. మెర్సీ అఖాతంలోనే వదిలేసిన ఆ ఓడ శిథిలాన్ని 2010 జులైలో కెనడా ప్రభుత్వ జాతీయోద్యానాల సంస్థ పార్క్స్ కెనడా పురాతత్వవేత్తలు సుమారు 11 మీటర్ల లోతులో కనుగొన్నారు.

రంగుల విషయానికి వస్తే కథ మరింత చిక్కబడుతుంది. నీటిరంగు అంటే మెత్తగా నూరిన రంగు పొడిని తుమ్మజిగురుతో కలిపినదే. కాగితం మీద అది ఎంత పలుచగా పరుచుకుంటుందంటే, వెలుగు పొరను దాటి కాగితాన్ని తాకి తిరిగి వస్తుంది. ఆ కాంతికి మూలమైన పలుచదనమే రంగును వెలుతురు ముందు నిస్సహాయంగా నిలబెడుతుంది. అప్పటి చిత్రకారులు మబ్బు పట్టిన ఆకాశానికి బూడిదరంగును నీలిమందులో జేగురులాంటి ఎర్రమట్టి రంగును కలిపి తయారు చేసుకునేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప ప్రాంతం నుంచి ఎగుమతైన సరుకూ ఈ నీలిమందే. ఎర్రమట్టి ఇనుప ఖనిజం, దశాబ్దాల ఎండకైనా చెక్కుచెదరదు. నీలిమందు అలా కాదు, వెలుతురులో దాని అణువు విరిగిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నీలం మాయమై ఎరుపు మిగులుతుంది. తుపాను మేఘాలుగా గీసిన ఆకాశం గులాబీ సంధ్యలా మారిపోతుంది. పాత సముద్ర చిత్రంలో ప్రశాంతమైన సాయంకాలం కనిపించి, అదే చిత్రంలో అలలు మాత్రం ఉధృతంగా ఎగసిపడుతుంటే ఈ అనుమానం రావాలి. చట్రం చాటున ఉండిపోయిన అంచును విప్పి చూస్తే, వెలుతురు తగలని ఆ సన్నని గీతలో మొదటి బూడిదరంగు చాలాసార్లు అలాగే ఉంటుంది.

ఈ నష్టాన్ని మొదట పద్ధతిగా కొలిచినవారు రసాయన శాస్త్రజ్ఞుడు రస్సెల్, సైనిక ఇంజనీరు కెప్టెన్ ఆబ్నీ. 1888లో వారు సమర్పించిన నివేదిక రెండు సంగతులు తేల్చింది: కాంతిలోని నీలం, ఊదా భాగాలే ఎక్కువ హాని చేస్తాయి, గాలి, తేమ లేకుండా చేస్తే చాలా రంగులు నిలదొక్కుకుంటాయి.

తేదీ నిర్ధారణకూ రంగులే సాక్ష్యం. కోబాల్ట్ నీలం 1802కు ముందు లేదు, కృత్రిమ అల్ట్రామెరైన్ 1828కి ముందు లేదు. నీటిరంగుగా జింకు తెలుపు 1834లో మార్కెట్లోకి వచ్చింది. అది అతినీల లోహిత కాంతిలో మెరుస్తుంది కాబట్టి, 1790 నాటిదని చెప్పే చిత్రంలో నురగల మీద ఆ మెరుపు కనబడితే తేదీ అయినా తప్పు, తరువాతి చేయి అయినా పడింది. కాగితంలో 1794 తరువాత సంవత్సరంతో సహా నీటిగుర్తు (వెలుతురుకు పట్టి చూస్తే కనబడే ముద్ర) వేయడం ఇంగ్లండులో వాడుకైంది. ఆ సంవత్సరం కాగితం పుట్టుకను చెబుతుందే గాని, చిత్రం గీసిన రోజును చెప్పదు.

మ్యూజియాలు ఇలాంటి చిత్రాలను సుమారు 50 లక్స్ (వెలుతురు కొలమానం) మాత్రమే ఉన్న మసక వెలుతురులో, కొద్ది నెలలు మాత్రమే ప్రదర్శించి మళ్లీ చీకటి పెట్టెల్లో భద్రపరుస్తాయి. ఆక్సిజన్ లేని చట్రంలో మూసేస్తే సరిపోతుందని అనిపించవచ్చు, కానీ సముద్రపు నీటికి ఎక్కువగా వాడిన ప్రష్యన్ నీలం ఆక్సిజన్ లేకుండా వెలుతురు పడితే ఇంకా త్వరగా పాలిపోతుంది, తిరిగి గాలి తగిలితే చీకట్లో కొంత కోలుకుంటుంది. నీలిమందును కాపాడే చట్రం ప్రష్యన్ నీలాన్ని చెరుపుతుంది కనుక, ఒకే కాగితం మీద రెండూ ఉన్నప్పుడు ఏ రంగు ఎక్కడుందో ముందు పరీక్షించి తేల్చుకోవాలి, ఆ తరువాతే చట్రం సంగతి.