ఎల్లా ఫ్లాగ్ యంగ్: అపోహలు - వాస్తవాలు

బీఈడీ తరగతిలో ఎల్లా ఫ్లాగ్ యంగ్ పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు అందుకుంటారు: "55 ఏళ్లకు పీహెచ్‌డీ చేసి షికాగో బడులకు సూపరింటెండెంటు అయ్యారు కదండీ!" ఫోన్లలో తిరిగే స్ఫూర్తి సందేశాల పుణ్యం.

రెండు ముక్కలూ నిజమే. డాక్టరేటు 1900లో, నగరంలోని ప్రభుత్వ బడులన్నిటికీ పెద్దగా ఉండే ఆ పదవి 1909లో వచ్చాయి. డాక్టరేటు వల్లే పదవి వచ్చిందని ఆ రెంటినీ ముడిపెట్టడమే తప్పు. ఆమె 1862లో, 17 ఏళ్లకే పాఠాలు మొదలుపెట్టారు. ప్రధానోపాధ్యాయురాలయ్యారు, 1887లో సహాయ సూపరింటెండెంటయ్యారు. పైవాడు అధికారమంతా గుప్పిట్లో పెట్టుకుంటుంటే భరించలేక 1899లో రాజీనామా చేశారు. అప్పటికే కొన్నేళ్లుగా ఉద్యోగం చేస్తూనే అమెరికా తత్వవేత్త, విద్యావేత్త జాన్ డ్యూయీ తరగతులకు వెళ్తున్నారు. పరిశోధనకు ఎంచుకున్నదీ తాను రోజూ చూసిన జబ్బునే: పైనుంచి ఉత్తర్వులు దిగుతాయి, పిల్లల ముందు నిలబడేవారిని ఎవరూ అడగరు. పగ్గాలు చేతికొచ్చాక ఉపాధ్యాయ మండళ్లు పెట్టి వాళ్ల మాట విన్నారు.

ఈ అపోహకు డబ్బు కూడా పోతోంది. ఆ మధ్య ఒక ఉపాధ్యాయురాలు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నలభై దాటాయి, తనకన్నా చిన్నవాళ్లు హెచ్ఎంలు అవుతున్నారన్న బెంగ. చేతిలో ఒక దళారీ రసీదు: పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం రాసిపెట్టడానికి అడ్వాన్సు. అంశం అని ఉన్న చోట ఖాళీ. "అది వాళ్లే చూసుకుంటామన్నారండీ" అన్నారు. ఆమెను ఏమని తిట్టగలం? మీ బడిలో మీకు ఇప్పటికీ కొరుకుడుపడనిది ఏమిటని అడిగాను. మిరప కోతల రోజుల్లో బడి మానేసే పిల్లల గురించి గంటసేపు ఆపకుండా చెప్పారు. అంశమంటే అదమ్మా, రసీదు చించెయ్యండి అన్నాను.

ఇక "అమెరికాలో తొలి మహిళా సూపరింటెండెంటు" అన్నది పొరపాటు. అయోవాలోని డావెన్‌పోర్ట్‌లో ఫీబీ సడ్లో 1874లోనే ఆ పదవి చేపట్టారు. పెద్ద నగరానికి తొలి మహిళ మాత్రం యంగే. 1910లో అమెరికా జాతీయ విద్యా సంఘానికి అధ్యక్షురాలైన తొలి మహిళ కూడా.

"1913లో గెంటేశారు" అన్నది సగం కథ. డిసెంబరులో నగర విద్యా బోర్డు ఆమెను ఆ పదవికి మళ్లీ ఎన్నుకోలేదు. నగర మహిళలు సభ పెట్టి నిలదీశారు. ఇలినాయ్ మహిళలకు కొంతమేర ఓటుహక్కు వచ్చిన ఏడాది అది, బోర్డు సభ్యులను నియమించే మేయరు ఓట్ల లెక్కలు వేసుకోకుండా ఉంటాడా! అదే నెలలో ఆమెను వెనక్కి తెచ్చారు, 1915 చివరిదాకా పనిచేశారు.

తర్వాత విశ్రాంతి తీసుకున్నారనీ రాస్తుంటారు. 1918లో, 73 ఏళ్ల వయసులో, యుద్ధ రుణపత్రాల ప్రచారం చేస్తుండగా ఇన్‌ఫ్లుయెంజా సోకి పోయారు.